పేరు మధ్యలో ఒక ఊరు

తెలుగు నేల మీద ఏ పెళ్ళి శుభలేఖ తీసి చూసినా, ఏ ఓటర్ల జాబితా తిరగేసినా ‘వెంకట’ అన్న మాట తగలకుండా ఉండదు. వెంకయ్య, వెంకమ్మ, వెంకట్రావు, వెంకటరెడ్డి, వెంకటలక్ష్మి, వెంకటరత్నం. మాజీ ప్రధాని పి.వి. నరసింహారావు పేరులోని ‘వి’ అదే. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి పేరులో రెండో ‘వి’ కూడా అదే. దీన్ని దేవుడి పేరుగానే వాడుకుంటున్నాం గానీ, అసలు ఇది కొండ పేరు. తిరుమల కొండకు వేంకటమని పేరు. ఆ కొండకు దొర కనుక స్వామి వేంకటేశ్వరుడయ్యాడు. ప్రాచీన తమిళ వ్యాకరణం తొల్కాప్పియం పీఠిక తమిళ దేశానికి ఉత్తరపు హద్దుగా చెప్పేది ఈ వేంకటాన్నే. అవధానాలతో ఆంధ్రదేశాన్ని ఉర్రూతలూగించిన జంట కవులు దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి. ఒకరిది కొండ పేరు, ఒకరిది కొండ కింది ఊరి పేరు. బిడ్డకు ఊరి పేరు పెట్టడం పడమటి దేశాల కొత్త మోజు అనుకునేవాళ్ళు ముందుగా గమనించాల్సింది ఇదే. మన ఇళ్ళలో తరతరాలుగా జరుగుతున్న పని అది. ఎంతగా కలిసిపోయిందంటే, అది ఊరి పేరన్న ఊహే మనకు రాదు.

ఇప్పుడు పిల్లల పేర్ల కోసం వెతికే తల్లిదండ్రులకు చోట్ల పేర్లు మళ్ళీ అందంగా కనబడుతున్నాయి. వైశాలి, విదిశ, సాంచి, అవంతిక, మిథిల, సరయు, కేదార్, కైలాశ్. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్ళకు అక్కడి వరస వేరే ఉంది: ఆస్టిన్, సిడ్నీ, బ్రూక్లిన్, సవానా. వీటిలో కొన్ని చెవికి ఇంపుగా ఉన్నాయని, ఎవరూ పెట్టుకోనివని ఎంచుకుంటున్నారు. ఆ కోరికలో తప్పేమీ లేదు. కానీ చోటు పేరు మిగతా పేర్ల లాంటిది కాదు. ‘ఆనంద్’ అని పెడితే ఆనందంతో మీకేమి సంబంధమని ఎవరూ అడగరు. ‘విదిశ’ అని పెడితే ఆ ఊరెక్కడ, అక్కడికీ మీకూ ఏమిటి అని ఎప్పుడో ఒకప్పుడు ఎవరో అడుగుతారు, అందరికంటే ముందు ఆ బిడ్డే అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబుండాలి. ఊరి పేరు బిడ్డకు పెట్టాలంటే ఆ ఊరితో ఆ కుటుంబానికి ఏదో ఒక రుణం ఉండాలి. అంతేకాదు, ఆ పేరుకు తగిన స్థానం బిడ్డ సొంత పేరు పక్కన, నడిమి పేరుగా. ఈ రెండు మాటలకూ ఆధారం మన పాత పేర్లలోనే పుష్కలంగా దొరుకుతుంది.

తెలంగాణలో యాదగిరి, యాదయ్య, యాదమ్మ అన్న పేర్లు యాదగిరిగుట్ట నుంచి వచ్చాయి. కొమురయ్య, కొమురమ్మ కొమురవెల్లి నుంచి. ఓదెలు పెద్దపల్లి జిల్లా ఓదెల నుంచి. నిజామాబాద్ వైపు లింబాద్రి అంటే భీంగల్ దగ్గరి లింబాద్రి గుట్ట. ఉత్తరాంధ్రలో సింహాచలం అన్న పేరు మగవాళ్ళకూ ఉంటుంది, ఆడవాళ్ళకూ ఉంటుంది. నెల్లూరు, ప్రకాశం వైపు మాలకొండయ్య, మాల్యాద్రి అంటే మాలకొండ, పెంచలయ్య అంటే పెంచలకోన. రాయలసీమలో ఓబులేసు, ఓబులరెడ్డి, ఓబులమ్మ అహోబిలం పిల్లలు. ఇంకా భద్రాచలం, శ్రీశైలం, అన్నవరం, తిరుపతయ్య, కాశయ్య. ఈ పేర్లు ఊరికే రాలేదు. పిల్లలు కలగని ఇంట్లో, కలిగినా దక్కని ఇంట్లో ఫలానా కొండకు మొక్కుకునేవారు. బిడ్డ దక్కితే అక్కడే పుట్టువెంట్రుకలు తీయించి ఆ కొండ పేరే పెట్టేవారు. బిడ్డ ప్రాణం ఆ చోటు పెట్టిన భిక్ష అన్నది వాళ్ళ నమ్మకం, పేరు ఆ అప్పుకు రసీదు. దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా ఇందులోని నిజాయితీని కాదనలేరు. ఈ పేరు ఎందుకు పెట్టారని అడిగితే ఆ తల్లి ఒక్క మాటలో చెప్పగలిగేది.

ఇది ఒక మతానికే చెందిన పద్ధతి కూడా కాదు. తమిళనాడు తీరాన నాగపట్నం దగ్గర నాగూరు దర్గా ఉంది. అక్కడికి మొక్కుకున్న కోస్తా ముస్లింల ఇళ్ళలో నాగూర్ వలి, నాగూర్ మీరా, నాగూర్ బీ అన్న పేర్లు మామూలు. మనో అన్న పేరుతో మనందరికీ తెలిసిన గాయకుడి అసలు పేరు నాగూర్ బాబు. క్రైస్తవుల ఇళ్ళలో సీయోను, షారోను, బేతేలు బైబిలు చోట్లు. షారోను అంటే మధ్యధరా తీరపు మైదానం. లూర్దు మేరీ, లూర్దయ్య అన్నప్పుడు ఆ పేరులో ఉన్నది 1858లో మేరీమాత ఒక బీద పిల్లకు దర్శనమిచ్చిందని కాథలిక్కులు నమ్మే ఫ్రాన్సులోని చిన్న ఊరు. స్పెయిన్, మెక్సికోల్లో ఆడపిల్లలకు పెట్టే గ్వాదలూపే, మోంట్‌సెరాత్ కూడా ఇలాగే మేరీమాత క్షేత్రాల పేర్లు. ఓదెల ఎక్కడ, మోంట్‌సెరాత్ ఎక్కడ! కానీ బిడ్డను ఒడిలో పెట్టుకుని తల్లి చేసిన ఆలోచన ఒక్కటే.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. ఇవన్నీ దేవుళ్ళ పేర్లే కదా, క్షేత్రం పేరు చెప్పినా మనసులో ఉన్నది స్వామే కదా, వీటిని ఊరి పేర్లనడం ఎలా? మాట సబబుగానే ఉంది, అయితే పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే నిలవదు. కొమురవెల్లిలో ఉన్నది మల్లన్న. ఓదెలలో ఉన్నదీ మల్లన్నే. వరంగల్లు దగ్గర ఐలోనిలోనూ మల్లన్నే, శ్రీశైలంలోనూ మల్లన్నే. పెట్టుకున్నది దేవుడి పేరే అయితే ఈ నాలుగు చోట్ల మొక్కుకున్నవాళ్ళ పిల్లలంతా మల్లయ్యలే కావాలి. మల్లయ్యలూ ఉన్నారు, కానీ పక్కనే కొమురయ్య, ఓదెలు, ఐలయ్య, శ్రీశైలం అని నాలుగు వేరు వేరు పేర్లు పుట్టాయి. నరసింహస్వామి విషయం ఇంకా స్పష్టం. ఒక్క స్వామికి యాదగిరి, సింహాచలం, లింబాద్రి, మాలకొండయ్య, పెంచలయ్య, ఓబులేసు అని ఇన్ని పేర్లు రావడానికి కారణం కొండలు వేరు కావడమే. దేవుడు అంతటా ఒక్కడే అని నమ్మిన జనమే, తమ మొర విన్నది మాత్రం ఫలానా గుట్ట మీది దేవుడు అని గట్టిగా పట్టుకున్నారు. అందుకే పేరు వినగానే మనిషిది ఏ సీమో చెప్పగలిగేవారు. ఓబులేసు శ్రీకాకుళంలో పుట్టి ఉండడని, సింహాచలం కడపలో పుట్టి ఉండదని ఊహించవచ్చు.

మరి ఈ పేర్లు ఎందుకు తగ్గిపోయాయి? పాతబడ్డాయని తేలిగ్గా అనేస్తాం. వెంకట పాతబడలేదు. కాశీ విశ్వనాథ్ అన్న పేరును ఇప్పటికీ గౌరవంగానే పలుకుతాం. అదే కాశీ ‘కాశయ్య’లో ఉంటే మోటు అంటాం. చోటు ఒక్కటే అయినప్పుడు తేడా ఎక్కడ ఉంది? ఆ పేరును మోసిన మనుషుల్లో ఉంది. యాదయ్య, కొమురయ్య, ఐలమ్మ, పెంచలయ్య, ఓబులేసు అన్న పేర్లు ఎక్కువగా పొలం పని, చేతి పని చేసుకునే కులాల ఇళ్ళలో పెరిగాయి. సినిమాల్లో, నాటకాల్లో ఈ పేర్లను పనివాడికీ అమాయకుడికీ అంటగట్టి నవ్వించడం అలవాటైంది. బడిలో పిల్లలు ఆ నవ్వు నేర్చుకున్నారు. ఆ పేరున్న తండ్రి తన కొడుకుకు అలాంటి పేరు పెట్టడానికి వెనకాడాడు. అతన్ని తప్పు పట్టలేం. కానీ తప్పు పేరుది కాదన్న సంగతి మాత్రం గట్టిగా చెప్పుకోవాలి. 1946 జులై 4న కడవెండిలో నేలకొరిగి తెలంగాణ సాయుధ పోరాటానికి తొలి అమరుడైన దొడ్డి కొమురయ్యది కొమురవెల్లి పేరు. దొరను ఎదిరించి తన పొలం పంట తానే కోసుకున్న చాకలి ఐలమ్మది ఐలోని పేరు. నిజాం మీద జనం గొంతులో పాటై మోగిన బండి యాదగిరిది యాదగిరిగుట్ట పేరు. తెలుగు చరిత్రలో ఇంతకంటే తలెత్తుకుని నిలబడ్డ పేర్లు చాలా కొద్ది. వాటిని మోటు పేర్లు అనడం మన చూపులోని లోపం.

చోటు పేరు మనిషికి అంటుకోవడంలో మరో సూత్రం ఉంది. అది ఎప్పుడూ దూరంలోనే అంటుకుంటుంది. గాంధార దేశంలో ఉన్నంతకాలం ఎవరినీ గాంధారి అని పిలవాల్సిన పని లేదు, అక్కడ ఆడవాళ్ళంతా గాంధార స్త్రీలే. హస్తినాపురానికి కోడలిగా వచ్చాకనే ఆమె గాంధారి అయింది. కోసల నుంచి కౌసల్య, కేకయ నుంచి కైకేయి, మద్ర దేశం నుంచి మాద్రి, పాంచాలం నుంచి పాంచాలి, విదేహ నుంచి వైదేహి, మిథిల నుంచి మైథిలి. మన ఇంటిపేర్లు కూడా ఇదే దారిన వచ్చాయి. ఘంటసాల కృష్ణా జిల్లాలో ఒకప్పుడు బౌద్ధ స్తూపం వెలసిన పాత ఊరు. ఆ ఊళ్ళో ఉండి ఎవరూ ‘ఘంటసాల వారు’ కాలేరు. ఊరు విడిచి వేరే చోట కాపురం పెట్టాక అక్కడివాళ్ళు అలా పిలిచారు. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు 1922లో పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో. మనం ఆయన సొంత పేరు కూడా చెప్పకుండా ఆ ఊరి పేరుతోనే ఆయన్ను తలుచుకుంటాం, ఆ పేరులో వేంకటం కూడా ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య కన్నడ నేల మీద ముద్దేనహళ్ళిలో పుట్టాడు. ఆయన పూర్వులు తెలుగుదేశంలోని మోక్షగుండం నుంచి వెళ్ళినవాళ్ళు. వాళ్ళు అన్నీ వదిలి వెళ్ళినా ఊరి పేరు మాత్రం వదలలేదు. టంగుటూరి ప్రకాశం పంతులు విషయంలో ఈ ప్రయాణం ఒక పూర్తి చుట్టు తిరిగింది. టంగుటూరు అన్న ఊరు ఒక కుటుంబానికి పేరైంది, ఆ కుటుంబంలో పుట్టిన మనిషి పేరు 1972లో ఒక జిల్లాకు పేరైంది, టంగుటూరు ఇప్పుడు ఆ జిల్లాలో ఉంది.

పడమటి దేశాల్లోనూ నిలిచిన చోటు పేర్ల వెనక ఇలాంటి బంధమే కనబడుతుంది. పెళ్ళయ్యాక ఇటలీలో తిరుగుతున్న ఇంగ్లండు దంపతులు నైటింగేల్‌లకు 1819లో నేపుల్స్‌లో పెద్ద కూతురు పుట్టింది. ఆమెకు ఆ నగరపు ప్రాచీన గ్రీకు పేరు పార్థెనోపీని నడిమి పేరుగా పెట్టారు. మరుసటి ఏడాది ఫ్లారెన్స్ నగరంలో పుట్టిన రెండో కూతురికి ఫ్లారెన్స్ అనే పెట్టారు. ఆమె తరవాత యుద్ధభూమిలో క్షతగాత్రులకు సేవ చేసి, నర్సింగుకు కొత్త రూపం ఇచ్చింది. అంతకు ముందు అరుదుగా వినబడిన ఫ్లారెన్స్ అన్న పేరు ఆమె వల్లనే ఇంటింటి పేరైంది. ఇంకా వెనక్కి వెళితే, 1587లో అమెరికా గడ్డ మీద ఇంగ్లీషువాళ్ళకు పుట్టిన మొదటి బిడ్డకు ఆ వలసరాజ్యం పేరే వర్జీనియా అని పెట్టారు. మన దేశం పేరు కూడా ఇలా ప్రయాణం చేసింది. చివరి వైస్రాయి మౌంట్‌బాటన్ మనవరాలికి 1967లో ఇండియా అని పేరు పెట్టారు. దక్షిణాఫ్రికా క్రికెటర్ జాంటీ రోడ్స్ 2015లో ముంబైలో పుట్టిన తన కూతురికి ఇండియా అని పెట్టాడు. వీటిలో కొన్నిటిని మెచ్చుకోవచ్చు, కొన్నిటి వెనక ఉన్న వలస పాలన చరిత్ర మనకు నచ్చకపోవచ్చు. అయినా పేరుకూ చోటుకూ మధ్య చెప్పదగిన సంగతి ఒకటి ఉంది.

చెప్పదగిన సంగతి ఏమీ లేకుండా వచ్చిన పేరుకు ఉదాహరణ మాడిసన్. 1984లో వచ్చిన ‘స్ప్లాష్’ అన్న హాలీవుడ్ సినిమాలో జలకన్య న్యూయార్కు వీధిలో నడుస్తూ మాడిసన్ ఎవెన్యూ అన్న బోర్డు చూసి ఆ పేరు పెట్టుకుంటుంది. అప్పటిదాకా ఆడపిల్లలకు దాదాపు ఎవరూ పెట్టని ఆ పేరు 2001 నాటికి అమెరికాలో ఆడశిశువుల పేర్లలో రెండో స్థానానికి ఎక్కింది. ఆ పిల్లలకు ఆ వీధితోగానీ, ఆ వీధికి పేరైన అధ్యక్షుడితోగానీ సంబంధం ఏమిటి? ఏమీ లేదు. ఒకే తరగతిలో నలుగురు మాడిసన్‌లు కూర్చున్నాక ‘ఎవరూ పెట్టుకోని పేరు’ అన్న కారణం కూడా మిగలదు. చెవికి బాగుందని పెట్టిన చోటు పేరుతో వచ్చే ఇబ్బంది ఇదే: మోజు తీరాక పేరును నిలబెట్టే ఆధారం ఉండదు. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ మన పక్కనే తమిళనాడులో ఉంది. వాషింగ్టన్ సుందర్ పేరు విని అది అమెరికా రాజధాని మీది మోజని చాలామంది అనుకున్నారు. నిజానికి అది అతని తండ్రికి చదువులో, క్రికెట్‌లో అండగా నిలిచిన పి.డి. వాషింగ్టన్ అన్న మాజీ సైనికుడి పేరు. ఆ కృతజ్ఞత తెలిసిన తరవాత ఆ పేరు మీద ఎవరికీ చిన్నచూపు ఉండదు. మన వైశాలి, విదిశలకూ ఇదే వర్తిస్తుంది. వైశాలి లిచ్ఛవుల రాజధాని, ఆ సమీపంలోనే వర్ధమాన మహావీరుడు పుట్టాడని, అక్కడే ఆమ్రపాలి బుద్ధుడికి తన మామిడితోపు ఇచ్చిందని తెలిసి, ఆ చరిత్ర మీద ప్రేమతో పెట్టుకుంటే ఆ పేరు ఆ ఇంటిదే అవుతుంది. రుణం అంటే పుట్టుకే కానక్కర్లేదు, చదువూ కావచ్చు, బతుకుతెరువూ కావచ్చు, అక్కడ దొరికిన వైద్యమూ కావచ్చు.

శాస్త్రం ఒప్పుకోదని కొందరంటారు. నిజమే, మనుస్మృతి మూడో అధ్యాయంలో నక్షత్రం, చెట్టు, నది, కొండ పేర్లున్న పిల్లను పెళ్ళాడవద్దని ఒక నియమం ఉంది. దాని ప్రకారం రోహిణి, రేవతి, తులసి, గంగ, యమున, గోదావరి, కావేరి, కృష్ణవేణి ఎవరికీ పెళ్ళి కాకూడదు. జనం ఆ నియమాన్ని పట్టించుకోలేదు. నదుల ఒడ్డున బతికినవాళ్ళు తమ కూతుళ్ళకు ఆ నదుల పేర్లే పెట్టుకుని సంతోషంగా పెళ్ళిళ్ళు చేశారు. శాస్త్రంకంటే జీవనం పెద్దదని తెలుగువాళ్ళు తేల్చేసిన విషయాల్లో ఇదొకటి, ఇప్పుడు దాన్ని తిరగదోడాల్సిన పని లేదు. జన్మనక్షత్రం ప్రకారం ఫలానా అక్షరంతోనే పేరు రావాలన్న పట్టింపు ఉన్నవాళ్ళకు నడిమి పేరు ఏ అడ్డమూ కాదు. మొదటి పేరు ఆ అక్షరంతో పెట్టుకోవచ్చు.

ఊళ్ళ పేర్లు మారిపోతాయి కదా అన్నది ఇంకో సందేహం. 1995లో బొంబాయి ముంబై అయింది, మరుసటి ఏడాది మద్రాసు చెన్నై అయింది. ఊరు పేరు మార్చుకుంటే బిడ్డ పేరు అర్థం లేనిదైపోదా? జరిగేది దీనికి తారుమారు. పటంలో చెరిగిపోయిన పేరును మనుషులే కాపాడతారు. పార్థెనోపీ పేరు నేపుల్స్ పటంలో లేని కాలంలో ఒక ఇంగ్లీషు పిల్ల దాన్ని మోసింది. కాగితాల మీద ఐనవోలు అని రాస్తున్న ఊరిని ఐలోని అని జనం పిలిచిన పిలుపు ఐలమ్మ పేరులో భద్రంగా ఉంది. అహోబిలాన్ని ఓబులం అని పలికిన సీమ నాలుక ఓబులేసు పేరులో ఉంది. ఊరికి చెడ్డపేరు వస్తే ఏం చేస్తామన్న భయం కూడా ఉంది, నిజానికి అలాంటి ప్రమాదం ఏ పేరుకైనా ఉంటుంది. రేపు ఏ నేరస్థుడికి ఏ పేరుంటుందో ఎవరు చెప్పగలరు?

అన్నిటికంటే బలమైన అభ్యంతరం మరొకటి, దానికి జవాబు చెప్పకుండా దాటిపోకూడదు. గాంధారికి తల్లిదండ్రులు పెట్టిన పేరేమిటి? మహాభారతం అంతా చదివినా మనకు తెలిసేది ఆమె గాంధార రాజు కూతురనే. మాద్రి పేరూ అంతే, కైకేయి పేరూ అంతే. దేశం పేరు మనిషి పేరును మింగేసింది. మనిషిని ఒక చోటికి గుర్తుగా మాత్రమే చూసినప్పుడు ఇలాగే జరుగుతుంది. తల్లిదండ్రుల జ్ఞాపకానికి బిడ్డను పలకగా వాడుకుంటున్నారన్న విమర్శలో ఉన్న నిజం కూడా ఇదే. తమకు ప్రియమైన ఊరు బిడ్డకు ప్రియం కాకపోవచ్చు. అందుకే చోటు పేరు ఒక్కటే పెట్టి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. సీతకు సీత అన్న పేరుంది, వైదేహి, మైథిలి, జానకి దాని పక్కన ఉన్నాయి. ద్రౌపదికి కృష్ణ అన్న సొంత పేరుంది, పాంచాలి దాని పక్కన ఉంది. వాళ్ళ గుణం, కోపం, దుఃఖం మనకు విడిగా తెలుసు. బిడ్డకు తనదంటూ ఒక పేరు ముందు ఉండాలి, ఊరు దాని వెనక నిలబడాలి. మన పద్ధతిలో ఈ స్థానం ఎప్పుడో సిద్ధంగా ఉంది. పి.వి. నరసింహారావును ఎవరూ వెంకట అని పిలవలేదు, కానీ ఆ కొండ ఆయన సంతకంలో జీవితాంతం ఉంది. నడిమి పేరు ప్రతి రోజూ బిడ్డ మీద బరువు వేయదు. ఇష్టమైతే పైకి తెచ్చుకోవచ్చు, లేకపోతే పొడి అక్షరంగా ఉంచేయవచ్చు.

ఈ మాట ఆడపిల్లల విషయంలో మరింత ముఖ్యం. మగపిల్లాడికి ఇంటిపేరు రూపంలో ఊరు ఎలాగూ ఉంటుంది, జీవితాంతం ఉంటుంది. ఆడపిల్లకు ఆ ఊరు పెళ్ళితో పోవడం మన ఆచారం. పుట్టింటి ఇంటిపేరు మార్చుకున్న లక్షలాది స్త్రీల పేర్లలో వాళ్ళ తాతముత్తాతల ఊరి ఆనవాలు మిగలలేదు. ఇప్పుడు ఇంటిపేరు మార్చుకోనివాళ్ళు పెరుగుతున్నారు, అది వాళ్ళ ఇష్టం. మార్చుకున్నా మార్చుకోకపోయినా, సొంత పేరులో భాగమైన ఊరిని ఎవరూ తీసేయలేరు. అయోధ్యకు వచ్చాక కూడా సీత వైదేహిగానే ఉంది. కూతురి పేరు పక్కన గౌతమి, మంజీర, పినాకిని లాంటి నది పేరో, అమ్మమ్మ ఊరి పేరో చేర్చేవాళ్ళు ఆమెకు ఇస్తున్నది ఎవరూ మార్చలేని ఒక చిరునామా.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళు మొదటి పేరు, నడిమి పేరు, చివరి పేరు అన్న మూడు గడులు నింపాల్సి వచ్చినప్పుడు ఇంటిపేరును చివరి గడిలో పెడతారు. చాలా ఇళ్ళలో ఆ గడిలో అప్పటికే ఒక తెలుగు ఊరు కూర్చుని ఉంటుంది, పిల్లలకు ఆ సంగతి చెప్పేవాళ్ళే ఉండరు. వాళ్ళ సహోద్యోగులు మాత్రం మొదటి గడిలోని ‘వెంకట’ను పట్టుకుని వేంకటాద్రి పేరును రోజూ ఆఫీసుల్లో పలుకుతుంటారు. అందుచేత నడిమి గడికి మరో ఊరు వెతికేముందు ఇంటిపేరులో ఏ ఊరుందో చూసుకోవడం మంచిది. అది తెలిశాక ఇంకో ఊరు వద్దనిపించవచ్చు. లేదా తల్లి వైపు ఊరిని నడిమి గడిలో పెట్టి రెండు వైపులకూ సమంగా చోటు ఇవ్వాలనిపించవచ్చు. పలకడం కష్టమని భయపడేవాళ్ళకు పాత ఇళ్ళలోనే ఉపాయం ఉంది. కాగితాల మీద యాదగిరి, పిలుపుకు గిరి. కాగితాల మీద సింహాచలం, ఇంట్లో సింహా. పిలిచే పేరు పొట్టిగా ఉన్నంత మాత్రాన అసలు పేరు కుదించుకోనక్కర్లేదు.

తొందర పడాల్సిన అవసరం కూడా లేదు. మన దేశంలో 1969 నాటి చట్టం ప్రకారం పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి గానీ, అప్పటికే పేరు ఖాయం కావాలని లేదు. పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్చుకోవచ్చు. ఆ తరవాత కూడా ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ వరకూ వీలుంది. బారసాలనాటికి పిలుపు పేరు పెట్టుకుని, నడిమి పేరు కోసం ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకోవడానికి ఆ ఏడాది సరిపోతుంది. మనవాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ కొండకు మొక్కుకున్నారు, ముత్తవ్వ పేరు ఏ గుడి మీదుగా వచ్చింది అన్నవి ఇంకా కొన్ని ఇళ్ళలో ఎనభై దాటిన ఒకరిద్దరికి మాత్రమే తెలుసు. వాళ్ళు చెప్పిన ఊరు ఇప్పుడు ఏ మండలంలో ఉందో జిల్లా గ్రామాల జాబితాలో వెతికితే, చాలాసార్లు అదే పేరుతో దొరుకుతుంది.